బొట్టు నూనె

సాహిత్యానికి కేటాయించిన ఈ పుటలో పాత మోటారు సైకిలుకు నూనె వేయడాన్ని గురించి ఒక తెలుగు ఉపన్యాసకుడు వ్రాయబూనడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చును. సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికేవాడికి కార్ఖానా విషయాలతో పనియేమి అని అడగవచ్చును. నా మనవి ఒక్కటే. “కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అన్న సామెత తెలుగువాడిదే. సుమతీ శతకకారుడు ఇరుసుకు పెట్టే కందెనను దృష్టాంతంగా తీసికొని లోకరీతి చెప్పినాడు. ఎద్దుబండి కందెనకు సాహిత్యంలో చోటు దొరికినప్పుడు మోటారు బండి కందెన చేసిన పాపమేమిటి?

ఎద్దుబండ్లు నడిచిన కాలంలో ఆముదంలో గడ్డి కాల్చిన మసి రంగరించి కందెన తయారు చేసేవారు. దానిని వెదురు గొట్టంలో నింపి బండి క్రింద వ్రేలాడగట్టేవారు. ప్రయాణానికి ముందు చీల ఊడదీసి, చక్రాన్ని కొంచెం వెలికి లాగి, ఇరుసుకు పట్టించి, మళ్లీ చక్రం ఎక్కించేవారు. ఆ పనిలో పెద్ద రహస్యమేమీ లేదు. కాస్త ఎక్కువైనా బండికి నష్టం లేదు. పొంగి కారితే ప్రక్కన కూర్చున్నవాడి పంచెకు మాత్రమే నష్టం.

సంస్కృతంలో నూనెకు స్నేహమని పేరు. ప్రేమకూ అదే పేరు. అంటుకొని ఉండడమనే అర్థం గల ఒకే ధాతువునుండి రెండర్థాలూ వచ్చినవి. రెండు వస్తువుల నడుమ ఒరిపిడిని తగ్గించేది నూనె. ఇద్దరు మనుష్యుల నడుమ ఒరిపిడిని తగ్గించేది నెయ్యం. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు విద్యార్థులు సంతోషిస్తారు. అయితే స్నేహం పనికిరాని చోటు ఒకటి ఉన్నదనీ, అక్కడ ఒక్క బొట్టు పడినా బండి అడుగు కదలదనీ నాకు నేర్పినది ఏ నిఘంటువూ కాదు. మా నాన్నగారి బుల్లెట్టు మోటారు సైకిలు నేర్పినది.

బుల్లెట్టు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణంలో పుట్టిన బండి. స్వాతంత్ర్యానంతరం మన సైన్యం సరిహద్దు గస్తీ కోసం దానిని ఎన్నుకొన్నది. ఆ తరువాత 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, తిరువొత్తియూరులో ఆ బండ్ల తయారీ మొదలైనది. ఇంగ్లండులో మాతృసంస్థ కాలం 1970 ప్రాంతంలో ముగిసిపోయినా మద్రాసు బుల్లెట్టు మాత్రం దాదాపు పాత రూపురేఖలతోనే నడిచింది. మన జిల్లాలలో పోలీసు ఇన్‌స్పెక్టర్లూ, మోతుబరి రైతులూ, నా తండ్రివంటి కొందరు ఉద్యోగులూ దానిని ఎక్కి తిరిగినారు. కాలువ గట్టు మీద అది వస్తూంటే మైలు దూరం నుండి చప్పుడు వినిపించేది.

ఆ బండిలో సిలిండరు వెనుక ఒక చిన్న గుండ్రని డబ్బా ఉంటుంది. మూత తీసి చూస్తే లోపల చిటికెన వ్రేలంత సామగ్రి. దానినే ఇంగ్లీషులో కాంటాక్ట్ బ్రేకర్ పాయింట్లంటారు. మన మెకానిక్కులు “ప్లాటినం” అంటారు. తొలి రోజులలో ఆ మొనలకు ప్లాటినం లోహం వాడేవారు. తరువాత దాని స్థానంలోకి టంగ్‌స్టన్ వచ్చింది. లోహం మారినా పేరు మారలేదు. భాషాశాస్త్రం చదివినవారికి ఇది క్రొత్త కాదు. వస్తువు పోయిన తరువాత కూడా మాట చాలాకాలం బ్రతుకుతుంది.

ఆ ప్లాటినం చేసే పనిని కొంచెం వివరించవలె. ఇంజనులోకి వచ్చిన పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని సరియైన క్షణంలో అంటించడానికి ఒక నిప్పురవ్వ కావాలి. ఆనాటి బ్యాటరీలో ఉన్నది ఆరు వోల్టులు. ప్లగ్గు మొనల నడుమ ఉన్న సందును రవ్వ దాటాలంటే వేల వోల్టులు కావాలి. ఆరును వేలుగా మార్చే ఉపాయానికి మూలం 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుత్ ప్రేరణ సూత్రం. బాష్ సంస్థలో పనిచేసిన గాట్లోబ్ హోనోల్డ్ 1902లో ఆ సూత్రం మీదనే అధిక వోల్టేజి మాగ్నెటోను తయారు చేసినాడు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ పద్ధతి 1910 నాటి కాడిలాక్ కార్లలో వచ్చింది. చాలా మోటారు సైకిళ్లు మాగ్నెటోతోనే చాలాకాలం నడిచి, పిమ్మట బ్యాటరీ పద్ధతికి మారినవి. మా నాన్నగారి బండి ఆ రెండవ తెగది.

పద్ధతి ఇది. కాయిల్ అనే డబ్బాలో రెండు తీగచుట్టలుంటాయి. ఒకదానిలో లావు తీగ కొన్ని వందల చుట్లు. రెండవదానిలో వెంట్రుకవంటి సన్నని తీగ వేల చుట్లు. ప్లాటినం మొనలు రెండూ కలిసి ఉన్నంతసేపు బ్యాటరీ కరెంటు మొదటి చుట్టలో ప్రవహించి, కాయిల్‌లో అయస్కాంత శక్తిని నింపుతుంది. మొనలు విడిపోగానే కరెంటు తెగిపోతుంది. నిండిన అయస్కాంత శక్తి ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ కూలడంలో రెండవ చుట్టలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు వద్ద రవ్వగా దూకుతాయి. మొనల మధ్యనే రవ్వ దూకి శక్తి వృథా కాకుండా కండెన్సరు అనే మరొక చిన్న డబ్బా కాపలా కాస్తుంది.

అంటే రవ్వ పుట్టేది మొనలు కలిసినప్పుడు కాదు, విడిపోయినప్పుడు. విప్రలంభ శృంగారానికి పెద్దపీట వేసిన మన ఆలంకారికులు ఈ యంత్రాన్ని చూచి ఉంటే తల పంకించేవారు. అయితే ఒక షరతు ఉన్నది. విడిపోవడానికి ముందు అవి శుభ్రంగా, మధ్య ఏ పొరా లేకుండా కలిసి ఉండాలి. కలయికలో మాలిన్యముంటే ఎడబాటులో వెలుగు లేదు.

మొనలను విడదీసేది కామ్ అనే ఇరుసు. దాని మీద ఒక బొడిపె ఉంటుంది. రెండు మొనలలో ఒకటి కదలదు. రెండవది ఒక చిన్న చేయికి అతికి ఉంటుంది. ఆ చేయి ఒక సన్నని కడ్డీ మీద కీలువలె ఆడుతుంది. చేయి నడుమ ఫైబరుతో చేసిన మడమ ఒకటి ఉండి, కామ్ మీద రాచుకొంటూ ఉంటుంది. బొడిపె వచ్చినప్పుడు మడమ లేస్తుంది, మొనలు విడిపోతాయి. బొడిపె దాటగానే స్ప్రింగు వాటిని మళ్లీ కలుపుతుంది. బుల్లెట్టు నాలుగు స్ట్రోకుల బండి కనుక ఇంజను రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగే వేగంలో ఆ మడమ నిమిషానికి 1500 మార్లు లేచి పడుతుంది. గంట ప్రయాణంలో 90,000 మార్లు. మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లకూ, రాజ్‌దూత్ బండికీ మూలసూత్రం ఇదే. అవి రెండు స్ట్రోకులవి కనుక వాటిలో చుట్టుకొక రవ్వ.

ఇంత రాపిడికి నూనె కావాలి. కరెంటు దాటే మొనలకు నూనె శత్రువు. నూనె కావలసిన చోటుకూ కూడని చోటుకూ నడుమ ఉన్న దూరం అరంగుళం కూడా లేదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఆ చిక్కు నాకు తెలియని రోజులలో జరిగిన సంగతి ఇప్పుడు చెబుతాను. అది 1988 ఆగస్టు నెల. నేను ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారు కృష్ణా డెల్టాలో ఒక గ్రామంలో పశువైద్యులు. చుట్టుప్రక్కల పది పన్నెండు ఊళ్లకు ఆయనే దిక్కు. ఆ రోజులలో బండి స్టార్టయినప్పుడల్లా లోపలినుండి సన్నగా కీచుమని చప్పుడు వస్తూండేది. “మడమ ఎండిపోయిందిరా, ఆదివారం చూద్దాం” అన్నారు నాన్నగారు. ఆదివారం దాకా ఆగడానికి నాకు ఓపిక లేకపోయింది. ఆయన భోజనం చేసి పడుకొన్న వేళ అమ్మ కుట్టుమిషను నూనె డబ్బా తీసికొని వెళ్లి, మూత విప్పి, కనిపించిన ప్రతిదాని మీదా పోసినాను. కామ్ మీద పోసినాను. చేయి మీద పోసినాను. మొనలు మెరుస్తూ కనిపిస్తే వాటి నడుమ కూడా పోసినాను. మూత బిగించి, చేతులు తుడుచుకొని, గొప్ప పని చేసినవాడివలె లోపలికి వచ్చినాను. స్టార్టు చేసి చూస్తే నాన్నగారు లేస్తారని చూడలేదు.

ఆ రాత్రి పదకొండు దాటిన తరువాత వానలో ఒక మనిషి సైకిలు మీద వచ్చి తలుపు తట్టినాడు. “డాక్టరుగారండీ, మా గేదె ఈనలేక పడిపోయిందండీ. సాయంత్రం నుంచీ నొప్పులండీ. దూడ కాళ్లు ఒక్కటే కనిపిస్తున్నాయండీ” అన్నాడు. ఊరు ఐదు మైళ్లు. నాన్నగారు సంచీ తీసికొని బండి బయటికి తోసినారు. తాళంచెవి త్రిప్పి, కిక్కు రాడ్డును మెల్లగా నొక్కుతూ ఆమ్మీటరు వైపు చూచినారు.

బుల్లెట్టు ఎక్కినవారికి ఈ ఆమ్మీటరు సంగతి తెలుసు. మొనలు కలిసి ఉన్నప్పుడు కాయిల్‌లోకి కరెంటు పోతుంది కనుక ముల్లు ఒక ప్రక్కకు ఒరుగుతుంది. విడిపోగానే నడిమికి వస్తుంది. ఆ ముల్లును బట్టి పిస్టను ఎక్కడ ఉన్నదో గ్రహించి, అప్పుడు గట్టిగా కిక్కు కొడతారు. ఆ రాత్రి ముల్లు నడిమిలోనే నిలిచి పోయింది. నాన్నగారు కిక్కు రాడ్డును ఎన్నిమార్లు నొక్కినా అది ఒరగలేదు. దీపం వేసి చూచినారు, వెలిగింది. హారను నొక్కినారు, మ్రోగింది. బ్యాటరీలో లోపం లేదు. ప్లగ్గు విప్పి చూచినారు. కాయిల్ తీగ బిగించి చూచినారు. పది నిమిషాలు గడిచినవి.

నేను అరుగు మీద టార్చి పట్టుకొని నిలబడి ఉన్నాను. తప్పు ఎక్కడ జరిగి ఉంటుందో అప్పటికి నాకు లీలగా తోచింది. “నాన్నా, నేను నూనె పోశాను” అని నాలుగు మాటలు చెప్పవలసినది. చెప్పి ఉంటే ఆయన మూత తీసి, ఒక గట్టి కాగితపు ముక్క ఆ మొనల నడుమ దూర్చి తుడిచి, రెండు నిమిషాలలో బయలుదేరి ఉండేవారు. తిడతారేమోనన్న భయంతో నేను నోరు విప్పలేదు. టార్చి మాత్రం కదలకుండా పట్టుకొన్నాను. చివరికి నాన్నగారు ఆ మనిషి సైకిలు వెనుక కూర్చుండి వెళ్లినారు. వానలో, నల్లరేగడి గట్టు మీద, ఇద్దరిని మోసే సైకిలు ఎంత వేగంగా పోగలదో పల్లెటూళ్లు ఎరిగినవారు ఊహించుకోవచ్చును. చాలా దూరం దిగి నడిచినారట.

ఆయన తెల్లవారిన తరువాత వచ్చినారు. బురద కాళ్లతో నూతి వద్ద నిలబడి మోచేతుల దాకా సబ్బు పట్టించి కడుక్కొన్నారు. దూడ అడ్డం తిరిగిందట. ఆయన చేరేసరికి లోపలే చనిపోయింది. దానిని బయటికి తీయగలిగినారు గాని, గేదె నిలవలేదు. “అరగంట ముందుపడి ఉంటే తల్లైనా దక్కేదేమో” అన్నారు అమ్మతో. ఆ మాట విన్న తరువాత నేను దాచుకోలేకపోయినాను. జరిగినదంతా చెప్పినాను.

నాన్నగారు కొట్టలేదు. చాలాసేపు మాట్లాడలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకొని, “రా” అని బండి దగ్గరికి తీసికొనిపోయినారు. మూత తీయించినారు. చీపురులోనుండి ఒక ఈనె విరిచి తెమ్మన్నారు. ఆనాడు ఆయన చూపినది ముప్ఫై ఏళ్లు దాటిన తరువాత కూడా నాకు వరుస తప్పలేదు. పాత బండి ఉన్నవారికి ఉపయోగపడగలదని దానిని ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదటి పని శుభ్రం. పెట్రోలులో తడిపిన గుడ్డతో లోపలి పాత జిడ్డంతా తుడవాలి. మొనల మీద గుంటలూ పొక్కులూ ఉంటే సన్నని ఆకురాయితో సమం చేయాలి. తరువాత శుభ్రమైన గట్టి కాగితం వాటి నడుమ పెట్టి లాగాలి. కాగితం మీద నల్లని మరక పడనంతవరకు ఆ పని మానరాదు. నూలుపోగు కూడా అక్కడ మిగలకూడదు.

రెండవది మడమ. కామ్ మీద మడమ రాచుకొనే చోట వేడికి కరగని గట్టి గ్రీజు అతి పలుచగా పూయాలి. పూసిన తరువాత వ్రేలితో తుడిచివేసినట్లే కనిపించాలి. మెరుపు మాత్రం మిగలాలి. చక్రాలకు వాడే మామూలు గ్రీజు ఇక్కడ పనికిరాదు. వేడికి అది కరిగి, కామ్ తిరుగుడుకు చిమ్మి, మొనల మీద పడుతుంది.

మూడవది చేయి తిరిగే కీలు కడ్డీ. చేతిని ఊడదీసి, కడ్డీకి ఒక బొట్టులో సగం నూనె అంటించాలి. ఇది ఎండిపోతే చేయి బిగుసుకొని, మొనలు కలియవలసినప్పుడు కలియవు. దీనికే ఈనె కావాలి. ఈనె మొనను నూనెలో ముంచి, డబ్బా అంచుకు విదిలించి, మిగిలినది అంటించాలి. డబ్బా ముక్కుతో సూటిగా పోయరాదు.

నాలుగవది అడుగున ఉన్న బరువుల అమరిక. ఇంజను వేగం పెరిగినకొద్దీ రవ్వను కొంచెం ముందుకు జరిపే రెండు చిన్న బరువులు ప్లాటినం పళ్లెం క్రింద ఉంటాయి. వాటి కీళ్లకు ఒక్కొక్క బొట్టు. కొన్ని బండ్లలో కామ్‌ను తాకుతూ చిన్న ఉన్ని ముక్క ఉంటుంది. దానికి రెండు బొట్లు, అది పీల్చుకొన్నంత మాత్రమే.

ఐదవది వేయకపోవడం. మొనలకు ఏమీ వేయరాదు. నూనె అక్కడ పడితే ముందు కరెంటును అడ్డుకొంటుంది. కొంచెమే పడి, బండి ఎట్లాగో నడిచినా, ఆ కొంచెం చిన్న చిన్న రవ్వలకు కాలి నల్లని పొరగా పేరుకొంటుంది. అప్పుడు ప్లగ్గు వద్ద నీలంగా కొట్టవలసిన రవ్వ ఎర్రగా, నీరసంగా కొడుతుంది.

అంతా అయిన తరువాత మొనలు పూర్తిగా విడిపోయిన స్థితిలో సందు కొలవాలి. బుల్లెట్టుకు అది 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు. కొలిచే రేకు దొరకని రోజున నాన్నగారు గడ్డం గీసుకొనే బ్లేడ్లు నాలుగు జోడించి కొలిచేవారు. ఒక్కొక్క బ్లేడు సుమారు పదోవంతు మిల్లీమీటరు మందం కనుక లెక్క దాదాపు సరిపోతుంది. కొలిచిన తరువాత రేకు నూనె మొనలకు అంటి ఉంటుంది కనుక మరొకమారు కాగితం లాగాలి. ఈ ఆఖరు మాట మరచిపోయి బండి తోసికొంటూ ఇంటికి వచ్చినవారు ఎందరో.

“మరి అసలు వేయకపోతేనో?” అని అడిగినాను ఆనాడు, ఏడుపు గొంతుతోనే.

“వేయకపోతే ఇవాళ ఏమీ కాదు. అదే ప్రమాదం” అన్నారు. ఎండిన మడమ రోజూ కొంచెం కొంచెం అరుగుతుంది. మడమ అరిగినకొద్దీ మొనల సందు తగ్గుతుంది. సందు తగ్గితే అవి ఆలస్యంగా విడిపోతాయి. రవ్వ ఆలస్యమవుతుంది. ఇంజను వేడెక్కుతుంది, బలం తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ త్రాగుతుంది. ఏదో ఒకనాడు సందు మూసుకొని పోయి బండి ఆగిపోతుంది. నూనె ఎక్కువైతే బండి వెంటనే ఎదురు తిరుగుతుంది. తక్కువైతే నెలల తరబడి ఓర్చుకొని తరువాత కూలబడుతుంది. రెండు మూడు వేల కిలోమీటర్లకు ఒకమారు మూత తీసి చూచేవాడికి ఈ రెండు బాధలూ లేవు.

మూత బిగించిన తరువాత ఆయన అన్న మాట ఇది: “నూనె పొయ్యడం తెలియనితనం. అది తప్పు కాదురా. పోశానని చెప్పకపోవడం తప్పు.”

ఆ సాయంత్రం నన్ను బండి వెనుక ఎక్కించుకొని ఆ రైతు ఇంటికి తీసికొనిపోయినారు. “మావాడు మీకొక సంగతి చెబుతాడు” అని ప్రక్కకు తప్పుకొన్నారు. నేను చెప్పినాను. ఆ రైతు వింటూ ఖాళీ గుంజ వైపు చూస్తూ కూర్చున్నాడు. పాడి అంతా ఆ ఒక్క గేదె మీదనే నడిచే ఇల్లది. కొంతసేపటికి, “చిన్నపిల్లాడు, ఏం తెలుస్తుందండీ” అని నాన్నగారితో అని, లోపలికి చూచి భార్యకు సైగ చేసినాడు. ఆమె ప్రక్క ఇంటికి వెళ్లి రెండు గ్లాసుల మజ్జిగ అడిగి తెచ్చింది. నా జీవితంలో అంత కష్టంగా మ్రింగిన మజ్జిగ మరొకటి లేదు. ఆ ఇంటివారు మళ్లీ గేదెను కొన్న తరువాత నాన్నగారు వారివద్ద మందుల ఖర్చు కూడా పుచ్చుకొన్నట్లు నాకు గుర్తు లేదు.

నాన్నగారు ఇప్పుడు లేరు. బండి నా దగ్గర ఉన్నది. నేను పనిచేసే పట్టణంలో ఒక పెద్దవయసు సాయిబుగారు దానిని చూస్తూంటారు. ఆయన మూత తీయక ముందే, ఇంజను చప్పుడు విని సందు తగ్గిందో పెరిగిందో చెబుతారు. ఈ మధ్య చేతివణుకు వచ్చింది. “ప్లాటినం పట్టడానికి చెయ్యి నిలవడం లేదు సార్” అన్నారు ఒకనాడు. నేర్చుకొనే కుర్రవాళ్లు లేరా అని అడిగినాను. “వాళ్లకెందుకు సార్? కొత్త బండ్లలో ప్లాటినమే లేదు కదా” అన్నారు.

ఆయన మాటలో ఆక్షేపణ లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చిన తరువాత రాచుకొనే మడమా లేదు, కాలిపోయే మొనలూ లేవు, సందు కొలిచే పనీ లేదు. అర్ధరాత్రి పిలుపు వచ్చిన వైద్యుడికి ఆ బండే మేలు. ఆ సంగతి నాకంటె తెలిసినవాడెవడు? పాతది పోయిందని విలపించడం నా ఉద్దేశం కాదు. నా విచారం వేరు. పాత బండ్లు ఇంకా మన వీధులలో తిరుగుతూనే ఉన్నవి. వాటితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాలలో ఇదంతా ఉన్నది. కాని ఆ పుస్తకాలు చదవకుండానే చెవితో, వ్రేలిమొనతో, నాలుకతో ఈ విద్యను నేర్చి, తెలుగు మాటలలో శిష్యులకు చెప్పినవారు మన మెకానిక్కులు. వారి తెలుగును వ్రాసిపెట్టినవారు ఎందరు?

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వారు భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వెలువరించినారు. అది వ్యవసాయ పదాలది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. రైతు నోటి మాటా, సాలెవాని నోటి మాటా పండితుల నిఘంటువులో చేరదగినవేనని ఆ పని చాటింది. ఆ దృష్టితో చూస్తే, “రవ్వ ఎర్రగా కొడుతోంది”, “మడమ ఎండింది”, “ప్లాటినం జిడ్డు తాగింది” అన్న మాటలు కూడా తెలుగు సంపదే. ఇంగ్లీషు పేర్లు కొన్ని కలిసినంత మాత్రాన వాటి తెలుగుతనం పోలేదు.

“మీరు తెలుగు సారే కదా, కాస్త రాసిపెట్టండి” అని సాయిబుగారు నవ్వుతూ అన్నారు. ఆయన హాస్యానికే అని ఉండవచ్చును. నేను మాత్రం ఒక నోటుపుస్తకం కొని వారానికొకమారు ఆయన బల్ల ప్రక్కన కూర్చుంటున్నాను. ఆయన చెబుతూంటే వ్రాసికొంటాను. ఆయన చేయి వణికినప్పుడు ఈనె నేను పట్టుకొంటాను. “తక్కువ, ఇంకా తక్కువ” అంటారు. నాన్నగారు కూడా అదే మాట అనేవారు.

మొన్న ఆదివారం ఉదయం ఆ పని ముగించి, కాగితం ఆఖరుమారు లాగి, మూత బిగించి, తాళంచెవి త్రిప్పి కిక్కు రాడ్డు మెల్లగా నొక్కినాను. ఆమ్మీటరు ముల్లు ఎడమకు ఒరిగి, మళ్లీ నడిమికి వచ్చింది. అది కదలని రాత్రి ఒకటి నాకు జ్ఞాపకమున్నది కనుక, కదిలినప్పుడల్లా ఒక క్షణం ఆగి చూస్తాను. తరువాత కిక్కు కొడతాను.